నూటపద్దెనిమిదో జత

బిగిన్ అనే మాటకు అదే అర్థమున్న ఇంకో మాట రాయమని పరీక్షలో అడిగితే నా మనవరాలు స్టార్ట్ అని రాసింది. తప్పన్నారు. ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి ఒక మార్కు కోశారు.

జరిగింది ఇంతే. పెంచి చెప్పడం లేదు, తగ్గించీ చెప్పడం లేదు. మీరు ఒకసారి బోరబండ బస్టాపులో నిలబడి ఏ ఆటో అతన్నైనా అడగండి, బండి స్టార్ట్ చేయడమంటే ఏమిటని. బడి ముఖం చూడనివాడు కూడా చెబుతాడు. అటువంటి మాటను, ఇంగ్లీషు మీడియం అని గేటు మీద రాసుకున్న స్కూలు తప్పన్నది. నాకు డెబ్బై రెండేళ్ళు. నాకు జరిగిన అన్యాయాలన్నీ మర్చిపోయానని మా ఇంట్లో వాళ్ళ నమ్మకం. ఒక్కటీ మర్చిపోలేదు. అన్నీ వరుసగా ఉన్నాయి. ఇది మాత్రం వెనక వచ్చి కూడా వరుసలో అన్నిటికంటే ముందు నిలబడింది.

నా ఇంగ్లీషు సంగతి ముందు చెప్పాలి. లేకపోతే ఈ ముసలాయనకు ఇందులో ఏం పని అంటారు.

అయిదో తరగతి దాకా తెలుగులో చదివాను. తరువాత పాలమూరు నుంచి ఇక్కడికి రాళ్ళ పనికి వచ్చాను. ఇప్పుడు హైటెక్ సిటీలో అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడు ఇంతింత బండలు ఉండేవి. వాటిని పగలగొట్టిన వాళ్ళలో నేనొకణ్ణి. నా మొదటి ఇంగ్లీషు పాఠం సిమెంటు బస్తా. దాని మీద 'కీప్ డ్రై' అని ఉంటే, ఇదేంది మేస్త్రీ అని అడిగాను. కంపెనీ పేరు అన్నాడు. ఇంకో కంపెనీ బస్తా మీదా అదే, మూడో కంపెనీ బస్తా మీదా అదే. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అడిగితే, "అందరూ అన్నదమ్ములు, ఇంటిపేరు ఒకటే, నువ్వు తట్ట ఎత్తు" అన్నాడు. ఆ మేస్త్రీని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత డిక్షనరీ ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి తెరిస్తే అందులో ఇంగ్లీషు 'ఏ' అక్షరం భాగం మొత్తం లేదు, ఎవరో చింపుకుపోయారు. కాబట్టి నా ఇంగ్లీషు బి దగ్గర మొదలైంది. 'ఏ'తో వచ్చే మాటలంటే నాకు ఇప్పటికీ కొంచెం మొహమాటం. కానీ బి నాకు కరతలామలకం. బిగిన్ నేను నేర్చిన మొదటి పది మాటల్లో ఒకటి. ఎదురుగా రెండు అర్థాలు అచ్చువేసి ఉన్నాయి: స్టార్ట్, కమెన్స్. స్టార్టే ముందు ఉంది. ఈ విషయం గుర్తు పెట్టుకోండి.

మేడలు లేచాక నడుము పోయింది, రాళ్ళ పని మానేసి వాటిలోనే ఒకదాని గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేరాను. పద్దెనిమిదేళ్ళు చేశాను. వచ్చినవాళ్ళ చేత రిజిస్టరులో పేరు, టైము, వచ్చిన పని రాయించడం నా ఉద్యోగం. ఆ పని అనే కాలమ్ ఉందే, అదే నా కాలేజీ. అందరి పనీ ఒకటే, లోపల ఎవరినో కలవాలి. దానికి ఒకాయన మీటింగ్ అని రాసేవాడు, ఒకాయన డిస్కషన్, ఒకాయన అపాయింట్‌మెంట్, ఇంకొకాయన ఇంటరాక్షన్. ఒక ముసలాయన మాత్రం 'టు సీ' అని రాసి ఊరుకున్నాడు. ఒక్క పనికి ఇన్ని మాటలుంటాయని, ఏది రాసినా గేటు తెరుచుకుంటుందని నాకు అక్కడ తెలిసింది. నలభై దాటాక ప్రైవేటుగా కట్టి పదో తరగతి పాసయ్యాను. ఇంగ్లీషులో కూడా.

ఇప్పుడు మేము బోరబండలో కిరాయి ఇంట్లో ఉంటాం. కొడుకు ఆఫీసు వాళ్ళను తీసుకెళ్ళే క్యాబు నడుపుతాడు. కోడలు ఒక టవర్‌లో హౌస్‌కీపింగ్. మనవరాలు పదో తరగతి. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా దాని బల్ల పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇంగ్లీషు చెప్పడం నా వంతు. రోజంతా నేను ఆ ఒక్క గంట కోసమే ఉంటానని ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

దానిది ఊరంతా బ్రాంచీలున్న స్కూలు, పద్ధతి వేరు. ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. మూడు వందల జతలు, ఒక్కో జతకు ఒక నంబరు. క్లాసులో టీచరు నంబరు అరుస్తుంది, పిల్లలు జత అరుస్తారు. నలభై ఒకటి అంటే బ్రేవ్, కరేజియస్. మాట చూపించేది లేదు, అర్థం చెప్పేది లేదు. కొన్నాళ్ళకు పిల్లలకు మాటలు పోయి అంకెలు మిగిలాయి. ఒకరోజు మనవరాలు బ్యాగు పడేసి, "తాతా, ఇయ్యాల మా మేడం డెబ్బై నాలుగు ఉండె" అన్నది.

"అంటే?"

"యాంగ్రీ, ఫ్యూరియస్."

"ఫ్యూరియస్ అంటే ఏందే?"

కాసేపు ఆలోచించింది. "డెబ్బై నాలుగు" అన్నది.

నాకు నెత్తి తిరిగింది. ఆ రోజు నుంచి నా పద్ధతిలో మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున బోరబండ స్టేషనులో లోకల్ రైలెక్కి హఫీజ్‌పేట్ దాకా పోయి తిరిగి వచ్చేవాళ్ళం. కనబడిన బోర్డునల్లా చదవాలి, కనబడిన వస్తువుకల్లా రెండు మాటలు చెప్పాలి. రైలు కదిలినప్పుడు చెప్పాను: "చూడు, ఇప్పుడు రైలు ఏం చేసింది? బిగిన్ అయింది. స్టార్ట్ అయింది. కమెన్స్ అయింది. మూడూ ఒకటే."

"పరీక్షల ఏది రాయాలె తాతా?"

"నీకు ఏది ముందు యాదికొస్తే అది రాయి."

ఎదురు సీటులో ఉన్న ఒకావిడ, కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని, మంచిగ చెప్తున్నవ్ తాతా అని మెచ్చుకున్నది కూడా.

ఆ పిల్లకు స్టార్ట్ ముందు యాదికి వచ్చింది. మార్కు పోయింది.

పేపరు తెచ్చిన రోజు అది నాతో మాట్లాడలేదు. వాళ్ళ స్కూల్లో రెండు పరీక్షల మార్కులు కలిపి సెక్షన్లు వేస్తారు. మొదటి సెక్షనుకు మంచి టీచర్లు, పబ్లిక్ పరీక్షల దాకా స్పెషల్ క్లాసులు. రెండో సెక్షనుకు వెనక వరండా, ఎదురుగా జనరేటరు. రెండో పరీక్ష మూడు వారాల్లో ఉంది, దానికీ అవే ప్రశ్నలు వరుస మార్చి ఇస్తారట. అంటే జవాబు ఒకసారి తప్పితే మళ్ళీ సరిగ్గా రాయడానికి ఒక అవకాశం. కోడలు పేపరును రెండు వైపులా తిప్పి చూసింది. తరువాత కుర్చీ తీసి గోడకు ఆనించింది.

"మామా, నీ మీద కోపం లేదు. పొద్దందాక ఇరవై బాత్రూములు కడిగి వస్త, ఎందుకోసం? దీనికోసమే గదా. ఆ మార్కు తిరిగొచ్చేదాంక నువ్వు జర దాని పక్కన కూసోకు."

"నేను చెప్పింది కరెక్టే అమ్మా."

"కరెక్టే ఉండొచ్చు మామా. మార్కయితే రాలె."

ఆరింటికి నేను మెట్ల మీద కూర్చున్నాను. లోపలి నుంచి అంకెలు వినబడుతున్నాయి.

మర్నాడు డిక్షనరీ గుడ్డసంచీలో పెట్టుకుని స్కూలుకు పోయాను. ఇంగ్లీషు టీచరు కాకినాడ వైపు అమ్మాయి, మర్యాదగా కుర్చీ వేసింది.

"ఆన్సర్ కీలో నూటపద్దెనిమిదో జత బిగిన్, కమెన్స్ అని ఉందండి తాతగారూ."

"స్టార్ట్ తప్పా అమ్మా?"

"తప్పని నేను అనట్లేదండి. కీలో లేదంటున్నానండి."

డిక్షనరీ తీసి బి దగ్గర తెరిచి బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోకుండానే చూసింది. "డిక్షనరీ మన సిలబస్‌లో లేదండి" అన్నది.

"పోనీ, మీ క్లాసు పొద్దున ఎన్నింటికమ్మా?"

"ఎనిమిదిన్నరకి స్టార్ట్ చేస్తామండి."

"స్టార్ట్ చేస్తరా? కమెన్స్ చేయరా?"

పక్క బల్ల దగ్గర లెక్కల సారు తాగుతున్న చాయ్ ముక్కులోకి పోయి దగ్గాడు. ఆమె కూడా నవ్వింది, వెంటనే తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నాకు తెలియక కాదండి. దిద్దేటప్పుడు నేను జవాబు చదవనండి, ఆ టైము ఉండదు. కీ పక్కన పెట్టుకుని, ఆ మాటలాగా కనబడితే టిక్కు, కనబడకపోతే గీత. ఒక సాయంత్రానికి నూట అరవై పేపర్లండి."

ఆమెను తిట్టుకోవడానికి నాకు మనసు రాలేదు. ఇంచార్జి సారు దగ్గరికి పొమ్మన్నది, పోయాను. ఆయన ఫోన్ చూస్తూనే అంతా విన్నాడు.

"పెద్దాయనా, మీరు చెప్పేది సమజైంది. స్టార్ట్ కూడా కరెక్టే అనుకుందాం. అప్పుడు ఒక ప్రశ్నకు రెండు జవాబులు కరెక్టయితయి. ఇగ పిల్లలు దేన్ని బట్టీ పట్టాలె, మీరే చెప్పుండ్రి."

"అర్థం తెలుసుకుంటే బట్టీ ఎందుకు సారూ?"

ఆయన ఫోన్ కింద పెట్టి మొదటిసారి నా ముఖం చూశాడు. ఏదో జబ్బు చేసిన మనిషిని చూసినట్టు చూశాడు. "అట్లాంటివి హెడ్డాఫీసుకు రాయుండ్రి" అన్నాడు.

రాశాను. నాలుగు పొద్దుల పని. ఇంగ్లీషులోనే రాశాను, ఎందుకంటే ఇంగ్లీషు గురించి తెలుగులో కొట్లాడితే భయపడ్డాడనుకుంటారు. మొదటి వాక్యం ఇప్పటికీ నాకు నచ్చుతుంది. దాని తెలుగు ఇది: 'ఈ ఉత్తరాన్ని నేను బిగిన్ చేస్తున్నాను, అనగా స్టార్ట్ చేస్తున్నాను, అనగా కమెన్స్ చేస్తున్నాను, ఈ మూడింటిలో ఏ ఒక్కటి నేను చేయకపోయినా ఈ ఉత్తరం మీ చేతిలో ఉండేది కాదు.' పోస్టులో వేశాను. వారం చూశాను. మళ్ళీ వేశాను. జవాబు లేదు.

అప్పుడు నేనే బయలుదేరాను. హెడ్డాఫీసు హైటెక్ సిటీ స్టేషనుకు నడక దూరంలో ఒక అద్దాల టవర్‌లో ఆరో అంతస్తు. ఆ టవర్ కింది బండ నాకు ఎరుక. మూడు రోజులు సతాయించింది అది. గేటు దగ్గర రిజిస్టరు కోసం చెయ్యి చాపాను, రిజిస్టరు లేదు. ఒక పలక లాంటి స్క్రీను నిలబెట్టారు. వచ్చిన పని మనం రాసేది లేదు, అదే నాలుగు చూపిస్తుంది, ఒకటి నొక్కాలి: మీటింగ్, ఇంటర్వ్యూ, డెలివరీ, ఇతరములు. పద్దెనిమిదేళ్ళు మనుషులు వంద రకాలుగా రాసిన కాలమ్‌ను నాలుగు బొత్తాలు చేశారు. నేను ఇతరములు నొక్కబోతే అక్కడి గార్డు చెయ్యి పట్టుకున్నాడు. యాభై ఏళ్ళవాడు, మీసాలకు రంగు.

"కాకా, గది కొట్టకు. ఇతరములు కొడితే ఎవ్వరినీ పైకి పంపరు."

"మరి అది ఎందుకు పెట్టిన్రు?"

"నాకేం ఎరుక. రెండేండ్ల సంది చూస్తున్న, అది కొట్టినోళ్ళందరూ వాపసే పోయిన్రు. నువ్వేం పని మీద వచ్చినవ్?"

"ఒక ఉత్తరం ఇయ్యాలె."

"మరి డెలివరీ కొట్టు. సక్కగ పోతవ్."

డెలివరీ కొట్టాను. స్క్రీను నా ఫోటో తీసి, డెలివరీ అని ఒక కాగితం అతికించిన బిళ్ళ ఇచ్చింది. ఛాతీ మీద తగిలించుకుని సామాన్ల లిఫ్టులో పైకి పోయాను. మామూలు లిఫ్టులోకి డెలివరీ వాళ్ళను రానివ్వరు. నాతో పాటు రెండు నీళ్ళ డబ్బాలు, ఒక ప్రింటరు వచ్చాయి.

పైన రిసెప్షన్ వెనక గోడ మీద మనిషెత్తు అక్షరాల్లో ఇంగ్లీషులో రాసి ఉంది: కొత్త బ్యాచులు స్టార్టెడ్. నేను చాలా సేపు అలాగే నిలబడ్డాను. దేవుడి ముందు కూడా అంత సేపు ఎప్పుడూ నిలబడలేదు.

"సార్, డెలివరీ అక్కడ పెట్టండి" అన్నది రిసెప్షన్ అమ్మాయి.

"అమ్మా, మీ గోడ మీద తప్పున్నది."

"ఏం తప్పు సార్?"

"స్టార్ట్ అని రాసిన్రు. మీ కీ ప్రకారం అది తప్పు. గోడ మీద కమెన్స్ అని మార్చాలె, లేకపోతే నా మనవరాలి మార్కు ఇయ్యాలె. రెండిట్ల ఏదైనా నాకు సమ్మతమే."

ఆమె వెనక్కి తిరిగి గోడను చదివింది, రోజూ వెన్ను ఆనించే గోడను అప్పుడే మొదటిసారి చదివినట్టు. తరువాత అన్నది: "సార్, గోడ మార్కెటింగ్ వాళ్ళది. కీ అకడమిక్ వాళ్ళది. వాళ్ళిద్దరికీ సంబంధం ఉండదు సార్."

నా ఫోనుతో గోడ ఫోటో తీసుకోనిచ్చింది, అదీ ఆమె మంచితనమే. దాన్ని కంప్యూటరుకు పంపించి ప్రింటు తీసి నా ఉత్తరానికి పిన్ను కొట్టింది. కవరు మీద ముద్ర వేసి రసీదు ఇచ్చింది: ఒక వస్తువు, బాగున్న స్థితిలో అందినది.

రెండో పరీక్ష ముందురోజు సాయంత్రం ఆరింటికి నేను మెట్ల మీదే ఉన్నాను. లోపల అంకెలు ఆగిపోయాయి. మనవరాలు పుస్తకం మూసి బయటికి వచ్చి నా కింది మెట్టు మీద కూర్చుంది.

"తాతా, రేపు నూటపద్దెనిమిది వస్తది. ఏది రాయాలె?"

"మీ మేడం ఏమన్నది?"

"కమెన్స్."

"అమ్మ?"

"కమెన్స్."

"మరి నన్నెందుకు అడుగుతున్నవ్?"

"నువ్వు చెప్పింది రాస్త. స్టార్ట్ రాయమంటే స్టార్టే రాస్త. మార్కు పోతే పోయింది."

దాని చెప్పు తెగి ఉంది, పిన్నీసు పెట్టుకుంది. నేను ఆ పిన్నీసును చూస్తూ ఉండిపోయాను. పంతం పట్టడం నాకు వచ్చిన విద్య. మేస్త్రీ మీద పట్టాను, స్కూలు మీద పట్టాను. ఈ పిల్ల భుజం మీద తుపాకీ పెట్టి పట్టడం నా వల్ల కాలేదు.

"కమెన్స్ రాయి బిడ్డా" అన్నాను.

"మరి నీ ఉత్తరం?"

"అది మొదటి పరీక్ష గురించి. ఇది రెండోది. దీనికి కమెన్స్ రాయి."

"నీకు కోపం లేదు గదా?"

"లేదు. డెబ్బై నాలుగు."

నవ్వి లోపలికి పోయింది. నా నోటితో నేనే చెప్పాను. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. ఇది కూడా రాయకపోతే ఈ కథలో నేను ఒక్కణ్ణే న్యాయంగా ఉన్నట్టు అవుతుంది.

కమెన్స్ అని రాసింది, మార్కు పడింది. రెండు పరీక్షలూ కలిపి లెక్క వేశారు. మొదటి సెక్షనుకు సరిగ్గా ఒక్క మార్కు తక్కువ. ఒకే ఒక్కటి. నెలాఖరు దాకా లిస్టులో మార్పులు చేస్తామని ఇంచార్జి సారు చెప్పాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో గాలి మారింది. అంతకుముందు నా ఉత్తరాల సంగతి ఎత్తితే టీవీ సౌండు పెంచేవాళ్ళు. ఇప్పుడు కోడలు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే అడిగేది: "మామా, ఏమన్న వచ్చిందా?" కొడుకు ట్రిప్పుల మధ్య ఫోన్ చేసి అదే అడిగేవాడు. ఒకరోజు కోడలు ఆ ఎర్ర కుర్చీని గోడ దగ్గరి నుంచి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, బల్ల పక్కన వేసింది. "ఉత్తరం రాంగనే కూసో మామా" అన్నది. నేను కూర్చోలేదు. దాని చుట్టూ తిరిగాను.

నెలాఖరుకు రెండు రోజుల ముందు కవరు వచ్చింది. అది సాయంత్రం ఆరు గంటలే. కోడలు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది, కొడుకు క్యాబు కింద ఆపి పైకి వచ్చాడు, మనవరాలు బల్ల దగ్గర. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చదవమన్నారు. ఇంగ్లీషులో ఉంది. వాళ్ళకు అర్థం కావాలని వాక్యం వాక్యం తెలుగు చేస్తూ చదివాను. అదే ఇక్కడ ఇస్తున్నాను. ఇందులో నా సొంత మాట ఒక్కటీ లేదు.

"అయ్యా, మీరు డెలివరీ చేసిన వస్తువు అందినది. నిపుణుల కమిటీ దానిని పరిశీలించి మీ అభ్యంతరం న్యాయమైనదని ఏకగ్రీవంగా తేల్చినది. నూటపద్దెనిమిదో జతలో బిగిన్ అనే మాటకు సరైన జవాబు స్టార్ట్ అని కీ సవరించడమైనది. ఒక ప్రశ్నకు ఒకే జవాబు అనేది మా సంస్థ నియమం కనుక, కమెన్స్ అనే పాత జవాబు ఇకపై తప్పు. ఇతర విద్యార్థులెవరూ అభ్యంతరం చెప్పనందున వారికి పాత కీ కొనసాగును. సవరించిన కీ మీ మనవరాలికి మాత్రమే, రెండు పరీక్షలకూ వర్తించును. ఆ ప్రకారం మొదటి పరీక్షలో ఆమెకు ఒక మార్కు కలపడమైనది. రెండో పరీక్షలో ఆమె కమెన్స్ అని రాసినందున ఒక మార్కు తీసివేయడమైనది. మొత్తం మార్కులలో గాని సెక్షనులో గాని మార్పు లేదు. విద్యార్థినికి ఇంటి వద్ద ఎవరూ తప్పు జవాబులు చెప్పకుండా తగు జాగ్రత్త తీసుకోవలసినదిగా కోరుచున్నాము."